ఒకింట్లో రెండు బ్రౌజర్లు

కనకలక్ష్మి తన ముప్పై మూడేళ్ల బతుకులో ఎవరినీ అడక్కుండా, ఎవరి ముఖమూ చూడకుండా తనకు తానుగా ఎంచుకున్నది ఒకే ఒక్కటి. అది చీర కాదు, గిన్నె కాదు, మొగుడు అసలే కాదు. కంప్యూటర్లో నెట్ చూసే బ్రౌజరు. నవ్వేవాళ్లు నవ్వండి, పర్వాలేదు. నవ్వడం అయ్యాక మీ ఇంటికెళ్లి, మీ ఆడవాళ్లు తమంతట తాము ఎంచుకున్నవి ఏమున్నాయో ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆమెది చల్లపల్లి. డిగ్రీ అయ్యాక బెజవాడ వచ్చి, హాస్టల్లో ఉండి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేసి, అక్కడే పాఠాలు చెప్పేది. తొంభై ఎనిమిది నాటి సంగతి. ఇన్‌స్టిట్యూట్ మొత్తానికి ఒకటే ఫోన్ లైను. దాని మీద నెట్ కలవాలంటే మోడెం కీచుమని అరిచి, గురక పెట్టి, సగం సార్లు చచ్చూరుకునేది. కలిస్తే మాత్రం పండగే. నెట్‌స్కేప్ తెరుచుకునేది. మూలన పెద్ద ఎన్ అక్షరం, దాని మీద తోకచుక్కలు రాలుతూ ఉండేవి. అక్కడి మాస్టర్లలో సినిమా హీరోల అభిమానుల్లాగా రెండు జట్లుండేవి. ఒకరు నెట్‌స్కేప్ వాళ్లు, ఒకరు ఎక్స్‌ప్లోరర్ వాళ్లు. టీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లు. "కంప్యూటర్‌తోపాటు ఊరికే వచ్చేదాన్ని కాదని, ఇంకోటి ఎందుకండీ మేడమ్?" అని ఎవరైనా అడిగితే, "నాకు నచ్చిందండీ. అంతకంటే కారణం కావాలా?" అనేది కనకలక్ష్మి. అలా అనగలిగిన మనిషి ఒకతె ఉండేదని ఇప్పుడు చెబితే ఆమె కూడా నమ్మదు.

మరుసటేడు పెళ్లయింది. దుర్గాప్రసాద్‌ది పటమట. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కనీసం కడుపారా తిట్టుకోడానికైనా వీలుండేది. చెయ్యెత్తిన మనిషి కాదు, గొంతెత్తిన మనిషి కాదు. పైగా ప్రతిదీ ఏరి కోరి తెచ్చే రకం. బేరింగు కొంటే చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, దాని శబ్దం విని గానీ తీసుకోడు. రైతుబజారుకెళితే ఒక్కో వంకాయనూ తొడిమ పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి, అమ్మే ఆవిడ "ఏంటయ్యా, పెళ్లిచూపులా?" అనేదాకా వదలడు. మామిడిపళ్లు నాలుగు కొట్లలో రుచి చూసి అయిదో కొట్లో కొంటాడు. అన్నీ తనే చూసి తెస్తుంటే ఆవిడకు ఎంచుకునే శ్రమ ఎందుకని ఆయన లెక్క. అది ప్రేమేనని మనస్ఫూర్తిగా నమ్మాడు.

బాబు పుట్టి బడికెళ్లడం మొదలుపెట్టాక ఒకసారి కనకలక్ష్మి అన్నం దగ్గర మాట కదిపింది. ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో మనిషి కావాలంటున్నారు, వెళ్లనా అని. దుర్గాప్రసాద్ "చూద్దాంలే" అన్నాడు. అత్తగారు వెంకటరత్నమ్మ ఉయ్యూరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు వాళ్ల ఆడపడుచుకు చెప్పింది. వారం తిరక్కుండా, కనకలక్ష్మి ఏనాడూ ముఖం చూడని బాబాయ్ వరస ఆయనొకడు ఫోన్ చేసి, "అమ్మాయికి ఇంట్లో ఏమన్నా తక్కువైందేంట్రా?" అని దుర్గాప్రసాద్‌ని అడిగాడు. వద్దని ఇంట్లో ఒక్కరూ అనలేదు. ఆ ఉద్యోగం మాత్రం పోయింది. ఆ ఇంట్లో చెప్పడమంటే అడగడమేనని, ముందు చెప్పిన పని ఏదీ గట్టెక్కదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

రెండువేల అయిదులో ఇంటికి కంప్యూటర్ వచ్చింది. షాపు లెక్కలకోసం, కొడుకు ఆటలకోసం. గణేష్ అనే ఆయన విడిభాగాలు తెచ్చి, కూర్చి, బిగించి ఇచ్చాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో కంప్యూటర్ మొరాయించినా ఆయనే దిక్కు. దాంతోపాటే నీలం రంగు ఇ అక్షరం, అదే ఆ ఎక్స్‌ప్లోరరు, ఊరికే వచ్చింది. దుర్గాప్రసాద్ దాన్ని నొక్కి క్రికెట్ స్కోరు చూసుకుంటాడు. బేరింగు శబ్దంలో తేడా పసిగట్టే మనిషి, దీని దగ్గర మాత్రం "ఏదైతే ఏంటి, నెట్ రావాల, అంతేగా!" అనేవాడు.

కనకలక్ష్మి ఒక రోజు పేపర్లో కంప్యూటర్ శీర్షిక చదివింది. నెట్‌స్కేప్ పోయింది గానీ, దాని వంశంలోదే ఫైర్‌ఫాక్స్ అని ఇంకోటి వచ్చిందని రాశారు. ఆమెకు చచ్చిపోయిన నేస్తం చెల్లెలు పక్క వీధిలోనే ఉందని తెలిసినట్టయింది. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక దాన్ని దింపుకుంది. భూగోళాన్ని చుట్టుకుని పడుకున్న ఎర్ర నక్క బొమ్మ. ఒకే కిటికీలో నాలుగు పేజీలు పక్కపక్కన తెరుచుకోవచ్చు. పేజీకొక కిటికీ చొప్పున తెరంతా నిండిపోయే గోల లేదు. తెలుగు పేపర్ల అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపించకుండా సరిచేసే తోక ఒకటి దానికి తగిలించుకోవచ్చు. పైన కావలసిన రంగు వేసుకోవచ్చు. ఆమె చిలకాకుపచ్చ వేసుకుంది. హాల్లో సోఫా రంగు దగ్గర్నుంచి గుమ్మానికి కట్టిన కర్టెను దాకా ఆమెను ఎవరూ అడగలేదు. ఈ ఆకుపచ్చ మాత్రం ఆమెది.

దుర్గాప్రసాద్ ఒకసారి చూసి, "ఏంటే ఈ నక్క? తోక తొక్కొచ్చావా ఏంటి, మొహం అట్టా వెలిగిపోతంది?" అని నవ్వాడు.

"ఇది బాగుంటుందండీ. మీరూ చూడండి."

"ఒకటుందిగా. ఒక పనికి రెండెందుకు?"

పక్క గదిలోంచి వెంకటరత్నమ్మ అందుకుంది. అది బ్రౌజరో బూరెల మూకుడో ఆవిడకు తెలియదు, రెండు అన్న మాట మాత్రం వినపడింది. "ఒకింట్లో రెండు పొయ్యిలు వెలిగితే ఇల్లు చీలిందంటారమ్మాయ్" అంది. అందరూ నవ్వారు. కనకలక్ష్మి కూడా నవ్వింది. ఆ నవ్వడమే తప్పు. ఆ రోజే "ఇది నాది, దీని జోలికి ఎవరూ రావద్దు" అని కచ్చితంగా చెప్పుండాల్సింది.

అప్పటినుంచి మధ్యాహ్నాలు ఆమెవి. బ్లాగులని కొత్తగా మొదలైన రోజులు. ఎవరి పేజీ వాళ్లు పెట్టుకుని తెలుగులో రాసుకునేవాళ్లు. కనకలక్ష్మి 'కరకట్ట' అనే పేరుతో ఒక పేజీ తెరిచింది. దివిసీమ మాటలు రాసేది. చెరుకు గానుగ దగ్గర వాడేవి, కుప్ప నూర్చేటప్పుడు వాడేవి, వంటింట్లో అమ్మమ్మలు వాడి వదిలేసినవి. ఒక్కో మాటకూ చిన్న కథ. ఎక్కడెక్కడి వాళ్లో చదివి, "కరకట్ట గారూ, ఈ మాట విని ఎన్నేళ్లయిందండీ!" అని రాసేవాళ్లు. గారూ అని పిలిపించుకోవడం ఎంత బాగుంటుందో ఆమె మరిచిపోయింది. ఇంట్లో ఒక్కరికీ ఆ పేజీ సంగతి తెలియదు.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు మెయిల్ పంపారు. సెల్‌ఫోన్లలో వచ్చే ఇంగ్లీషు మాటలకు తెలుగు పెట్టే పని. మీ పేజీ అంతా చదివాం, బడి పుస్తకం తెలుగు కాకుండా మనుషులు మాట్లాడే తెలుగు మీకొచ్చు, ఇంట్లో కూర్చునే చేయవచ్చు, జీతం నెలనెలా పంపుతాం అన్నారు. ఆమె సరేనంది. అయితే సోమవారం కొన్ని వాక్యాలు పంపుతాం, బుధవారం సాయంత్రం లోపు చేసి పంపండి, అవి బాగుంటే పని మీదే అన్నారు. కనకలక్ష్మి ఆ మెయిల్ ఎన్నిసార్లు చదువుకుందో చెప్పలేను. వంటింట్లో చారు పొంగిపోయింది. పని చేతికి వచ్చాక, మొదటి జీతం పడ్డాక ఇంట్లో చెబుదాం అనుకుంది. అప్పుడు అది చెప్పడమే అవుతుంది, అడగడం కాదు.

ఆ శనివారం ఉయ్యూరులో అత్తగారి చెల్లెలి మనవరాలికి ఓణీల ఫంక్షను. అత్తాకోడళ్లు వెళ్లారు. దుర్గాప్రసాద్ షాపులో సరుకు లెక్క చూసుకోవాలని ఉండిపోయాడు. ఆదివారం సాయంత్రం వీళ్లు తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ముఖం చాటంత చేసుకుని ఉన్నాడు.

"రావే, నీకో మంచి పని చేశా. సిస్టమ్ మరీ స్లో అయిపోయింది గదా, గణేష్‌ని పిలిచి ఫార్మాట్ కొట్టించా. ఇప్పుడు గుర్రంలాగా పరిగెత్తుద్ది చూడు."

ఆ రోజుల్లో బెజవాడలో కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా ఒకటే మందు, ఫార్మాట్. స్లో అయిందా, ఫార్మాట్. పాట రాలేదా, ఫార్మాట్. దాంతో సి డ్రైవ్ మొత్తం తుడిచేసి మళ్లీ మొదట్నుంచి ఎక్కిస్తారు. పోకూడనివన్నీ ముందే డి డ్రైవ్‌లోకి మార్చుకోవాలి. సి లో ఏముంటుందిలే అని అందరి ధీమా.

కనకలక్ష్మి చేతిలో స్వీటు డబ్బా టేబుల్ మీద పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా వెళ్లి కంప్యూటర్ పెట్టింది. నక్క లేదు. ఆకుపచ్చ లేదు. తెర మీద నీలం ఇ ఒక్కటే ఉంది. దానిలో మెయిల్ పేజీ తెరిస్తే పాస్‌వర్డ్ గడి ఖాళీగా కనిపించింది. ఇన్నాళ్లూ ఆ గడిని ఆమె నింపలేదు, ఆమె బ్రౌజరే గుర్తుపెట్టుకుని నింపేది. ఆ మధ్య ఎవరూ పట్టుకోలేనంత గట్టిది ఉండాలని అక్షరాలూ అంకెలూ కలగలిపి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. కాగితం మీద రాస్తే ఎవరి కంటైనా పడుతుందని రాసుకోలేదు. మనుషుల కంటే ఆ బ్రౌజరే నమ్మకమైనదనుకుంది. తోచినవన్నీ కొట్టింది. ఒక్కటీ తగల్లేదు.

సోమవారం మొగుడు షాపుకెళ్లగానే గణేష్‌కి ఫోన్ చేసింది.

"నేనడిగానండీ మేడమ్" అన్నాడు గణేష్. "సి లో ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా సార్ అని. మీ పెళ్లి వీడియో, బాబు ఫోటోలు, పాటలు, షాపు లెక్కలు, అన్నీ డి లోకి మార్చే కొట్టానండీ. ఆ నక్క బొమ్మది మళ్లీ వెయ్యమంటారా అని కూడా అడిగా. ఒకటుందిగా, రెండోదెందుకులే అన్నారు సార్."

"నన్ను అడగమని అనలేదా?"

"మీరు ఊళ్లో లేరన్నారండీ."

"ఉయ్యూరులో ఫోన్లు లేవా గణేష్ గారూ?"

"తోచలేదండీ మేడమ్" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. ఆయనకు తోచలేదు, ఈయనకూ తోచలేదు. ఆమెకు చెడు చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. అసలు ఆమె ఒకతె ఉందనే అనుకోలేదు. ఒళ్లు మండేది అందుకే.

సాయంత్రం దుర్గాప్రసాద్ గమనించాడు. "ఏంటట్టా ఉన్నావ్?"

"నా మెయిల్ తెరుచుకోవట్లేదండీ. పాస్‌వర్డ్ ఆ ఫైర్‌ఫాక్స్‌లోనే ఉండిపోయింది."

"ఓస్, అంతేనా! కొత్తది తెరుచుకో. ఊరికే గదా ఇచ్చేది. ఏమన్నా ముఖ్యమైనవి ఉన్నాయా అందులో?"

చెప్పొచ్చు. అక్కడ నోరు తెరిచి చెప్పొచ్చు. కానీ చెప్పగానే ఉయ్యూరుకు ఫోన్ పోతుంది, బాబాయ్ వరస ఆయనకు వార్త చేరుతుంది. ఇంకా చేతికి రాని పని. "ఏం లేవులెండి" అంది.

మర్నాడు కొత్త మెయిల్ తెరిచి కంపెనీ వాళ్లకు జరిగింది రాసింది. గంటలో జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు. వాక్యాలు మీ పాత మెయిల్‌కే పంపామండీ, మళ్లీ పంపడానికి అభ్యంతరం లేదు, కానీ మీరే కరకట్ట గారని మాకెలా తెలుస్తుంది? మీ బ్లాగులో ఒక్క వాక్యం రాయండి చాలు, చూసి వెంటనే పంపిస్తాం. అయితే రేపు సాయంత్రం గడువు మాత్రం దాటనివ్వలేం, వేరే వాళ్లు కూడా ఎదురుచూస్తున్నారు.

బ్లాగు తెరవాలన్నా ఆ పాత మెయిలే తాళంచెవి. చుట్టూ తిరిగి మళ్లీ అదే గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

పాస్‌వర్డ్ మరిచిపోయారా అని ఒక చోట ఉంటుంది. నొక్కింది. కొత్త పాస్‌వర్డ్ మీ ఇంకో మెయిల్‌కు పంపమంటారా అంది. ఆ ఇంకోటి ఇన్‌స్టిట్యూట్ వాళ్ల మెయిలు. ఇన్‌స్టిట్యూట్ మూతపడి ఎన్నో ఏళ్లయింది, ఆ మేడలో ఇప్పుడు ఫర్నిచర్ షాపుంది. అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి అంది. పెళ్లికి ముందు, మెయిల్ తెరిచిన రోజున ఆమె పెట్టుకున్న ప్రశ్నే. మీకు అన్నిటికంటే ఇష్టమైన వంటకం ఏది?

కనకలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇంతేనా! చేపల పులుసు అని కొట్టింది. తప్పంది. ముద్దపప్పు, ఆవకాయ అని కొట్టింది. తప్పంది. సేమ్యా పాయసం. తప్పు. ఇంక రేపు ప్రయత్నించండి అని తలుపేసేసింది.

అప్పుడు ఆలోచించింది. చేపల పులుసు దుర్గాప్రసాద్‌ది. ఆదివారం అది లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ముద్దపప్పు అత్తగారిది. పాయసం కొడుకుది. ఆమె ఆలోచించకుండా కొట్టిన మూడూ ముగ్గురివి. మరి తనదేది? పప్పు తాలింపు పెడుతూ ఆలోచించింది. కూర దింపుతూ ఆలోచించింది. ఇరవై మూడేళ్ల పిల్ల, బెంజ్ సర్కిల్‌లో టీ తాగుతూ "నాకు నచ్చిందండీ" అని గట్టిగా చెప్పే పిల్ల, ఏం రాసుంటుంది? హాస్టల్లో ఆదివారం ఏం పెట్టేవాళ్లు? ఏం పెడితే లేచి నిలబడి ఇంకాస్త వేయించుకునేది? గుర్తు రాలేదు. నాలుక మీద ఏదీ మెదల్లేదు. ఈ ఇంట్లో ఎవరికి ఉప్పు ఎంత, ఎవరికి కారం ఎంత, ఎవరికి ఏ ముక్క అన్నది నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తన కంచంలో చివరికి ఏం పడిందో మాత్రం ఒక్క రోజు కూడా చూసుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం అత్తగారు పడుకున్నాక మళ్లీ ఆ పేజీ తెరిచింది. ప్రశ్న వచ్చింది. ఏదీ కొట్టకుండా, చల్లపల్లిలో అమ్మకు ఫోన్ చేసింది. తల్లి సీతారావమ్మ అప్పుడే కునుకు తీసి లేచింది.

"అమ్మా, పెళ్లికి ముందు నాకు బాగా ఇష్టమైన వంట ఏంటే?"

"అదేంటే, ఇప్పుడెందుకు?"

"ఊరికేనే. గుర్తుందా నీకు?"

"మీ అన్నయ్యకైతే గోంగూర. రోజూ పెట్టినా కాదనడు. మీ నాన్నకు పప్పుచారూ వడియాలూ..."

"నాకే అమ్మా. నాకు?"

సీతారావమ్మ ఆలోచించింది. నిజంగానే, కూతురు అడిగింది గదా అని బాగా ఆలోచించింది. "నీకా? నీకు ఇదీ అదీ అని ఎక్కడుందే తల్లీ! ఏది పెడితే అది కళ్లకద్దుకుని తినేదానివి. ఒక్క రోజు వంక పెట్టి ఎరగవు. అందుకే గదా అత్తారింట్లో కూడా అంత మంచి పేరు తెచ్చుకున్నావ్" అంది. ఆ గొంతులో బోలెడంత గర్వం.

కనకలక్ష్మి, కళ్ల నీళ్లు వచ్చినట్టు అమ్మకు తెలియకూడదని ఫోను కాస్త దూరంగా పట్టుకుంది. హాల్లో గడియారం నాలుగు కొట్టింది. అత్తగారు లేచి కాఫీ అడిగే వేళ.

"ఏమ్మా, ఉన్నావా? ఏదన్నా తినాలనిపిస్తందా ఏంటి? ఏం కావాలో చెప్పు, ఆదివారం చేసి మీ అన్నయ్యతో పంపిస్తా" అంది తల్లి.

కనకలక్ష్మి తెర వైపు చూసింది. తల్లి అడిగిందీ, అక్కడ అడుగుతున్నదీ ఒకటే.

"నీ ఇష్టం అమ్మా" అంది. "ఏదైనా పర్వాలేదు."